దయ్యమైన రాజు



నేటి నా ప్రసంగవిషయము మీకు కొంత వింతగా తోపవచ్చును. ముప్పది యేండ్లకు మించి తెలుగు పండితుడుగా పనిచేసి, ఉద్యోగవిరమణానంతరము జహీరాబాదులో కాలము గడపుచున్న నావంటివాడు మీ యెదుట పురాణము విప్పినచో మీకాశ్చర్యము కలుగదు. నేనిపుడు విప్పబోవునది పిల్లలాడుకొను నొక వీడియో గేము. కొంచెము ఓపిక పట్టుడు. ఆ యాటనుండి బయలుదేరి, దూరదేశమున నొక రాజును చూచి, బీదరు కోటమీదుగా మరల మన యూరి చావడికే వత్తము.

గత వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు టెలివిజనునకు చిన్న పెట్టె యొకటి తగిలించి పగలెల్ల దానియెదుటనే కూర్చుండెడివాడు. ఒకనాటి సాయంకాలము "తాతా, జల్ది రా, లాస్టు బాసు వచ్చిండు!" అని కేకవేసెను. పోయి చూచితిని.

అది 1986వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన జపానులో కొనామి యను కంపెనీవారు వెలువరించిన యాట. దాని జపాను పేరునకు 'డ్రాక్యులా రక్కసికోట' యని యర్థము చెప్పవచ్చును. మఱుసటి యేడు అమెరికాలో 'కాసిల్‌వేనియా' యను పేర వెలువడెను. సైమన్ బెల్మాంటు అను వీరుడు కొరడా చేతబట్టి పాడుపడిన కోటలో ప్రవేశించును. ఆ కోటకు ఆరంచెలు. ఒక్కొక్క యంచె చివర నొక్కొక్క భూతము కావలి యుండును. మొదట పెద్ద గబ్బిలము. పిదప జుట్టునకు బదులు పాములు గల మెడూసా. తరువాత గుడ్డపీలికలు చుట్టిన రెండు శవములు. అటుమీద ఫ్రాంకెన్‌స్టెయిన్ కథలోని కృత్రిమమానవుడు. అయిదవ యంచెలో కొడవలి పట్టిన మృత్యువు. మృత్యువును గెలిచి మెట్లెక్కిన గాని డ్రాక్యులా కనబడడు. వాడు నల్లని నిలువుటంగీ కప్పుకొని, ఒకచోట మాయమై మఱియొకచోట తోచుచు, నిప్పుముద్దలు విసరును. తలమీద తప్ప మఱెచ్చట కొట్టినను వానికి దెబ్బ తగులదు. కొట్టగా కొట్టగా తల యెగిరిపోవును. గెలిచితిమని సంతసించునంతలో పెద్ద మృగమువంటి రూపము మఱియొకటి లేచి మీద దుముకును.

నాకు యుద్ధకాండ జ్ఞప్తికి వచ్చెను. మనకిది క్రొత్త పద్ధతి కాదు. ప్రహస్తుడు పడవలెను, కుంభకర్ణుడు పడవలెను, ఇంద్రజిత్తు పడవలెను. అటుపిమ్మట గాని రావణుడు కడపటి యుద్ధమునకు రాడు. వాని తలలును నరికిన కొలది మొలచినవి. చిందు యక్షగానములలో తెరవెనుకనుండి రాక్షసరాజు వచ్చునపుడు వెనుకవరుసలోని పిల్లలు తల్లుల కొంగులలో దూరుట మనమెఱుగమా! జపానులో ఆ యాటను కట్టినవారును అదే కీలకమును పట్టుకొనిరి.

మా మనుమడు నాలుగుమారులోడి అయిదవమారు గెలిచెను. గెలిచి, నావైపు తిరిగి, "తాతా, ఈ రాజు నిజంగ ఉండెనా, ఉత్త కతనా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగము.

నిజముగనే యుండెను. ఐరోపాఖండమున నేటి రొమేనియా దేశములో వలేకియా యను సీమ కలదు. దాని నేలిన మూడవ వ్లాడు అనునతడే యీ డ్రాక్యులా. ఇతడు 1431 ప్రాంతమున పుట్టినవాడు. ఇతని తండ్రిని 1431లో సిగిస్మండు చక్రవర్తి 'డ్రాగన్ సంఘము' అను వీరసంఘమున చేర్చుకొనెను. డ్రాగన్ అన నిప్పులు గ్రక్కు మహాసర్పము. తండ్రి 'డ్రాకుల్' కాగా కొడుకు 'డ్రాక్యులా' యయ్యెను. కాబట్టి ఆ పేరు మొదట గౌరవనామమే గాని దయ్యపు పేరు కాదు.

బాల్యమున ఇతడు తుర్కీ సుల్తానుకడ తాకట్టుగా ఉంచబడెను. పెద్దవాడై 1456లో సింహాసనమెక్కి 1462 వఱకు పాలించెను. ఇతనికి మఱియొక పేరు 'త్సెపెష్'. కొఱత వేయువాడని దాని యర్థము. కొఱత యనగా నేమో మనకు వేఱుగ చెప్పనక్కరలేదు. భారతమున మాండవ్యమహర్షి చేయని దొంగతనమునకు కొఱతనెక్కి అణిమాండవ్యుడైన కథ మీరెఱిగినదే. ఈ వ్లాడు రాజు శత్రువులను, దొంగలను, ఎదిరించిన వర్తకులను, ప్రభువులను కొఱత వేయించెను. 1462లో సుల్తాను రెండవ మెహమ్మదు దండెత్తి వచ్చినపుడు రాజధాని దారిలో ఇరువదివేల శవములు కొఱతలపై నుండెనని ఒక గ్రీకు చరిత్రకారుడు వ్రాసెను. ఈ ఇరువదివేల సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. మరల దానితో పని గలదు.

ఆ సంవత్సరమే హంగరీ రాజు వ్లాడును చెఱబట్టెను. చాల యేండ్లకు విడుదలయై మరల రాజ్యమునకు వచ్చినను, 1476-77 శీతకాలమున యుద్ధములో హతుడయ్యెను. అతని తల నఱికి సుల్తానుకడకు పంపిరందురు. ఆ మొండెమునకు సరియైన సమాధి యెచ్చటనున్నదో నేటికిని వివాదమే.

ఇంతవఱకు విని మా మనుమడు, "అట్లాంటి రాజులు ఆ దేశంలనే ఉంటరు" అనెను. పిల్లవాని మాట కాని, పెద్దలును తఱచుగా పలుకు మాట. క్రౌర్యము పరదేశపు సరకని మనకొక నమ్మకము. అందుచేత మఱునాడు వానిని బస్సెక్కించి బీదరునకు తీసికొనిపోతిని. మన జహీరాబాదునుండి బీదరు సుమారు 30 కిలోమీటర్లు. 1956లో రాష్ట్రముల సరిహద్దులు మాఱి అది నేటి కర్ణాటకములో చేరినది కాని, అంతకుముందు మనమును వారును ఒకే రాజ్యమువారము. సంత యొకటి, చుట్టరికములొకటి.

బీదరునకు తూర్పున అష్టూరను గ్రామముకడ బహమనీ సుల్తానుల గోరీలు వరుసగా నున్నవి. వానిలో నొకటి నడిమికి చీలియుండును. పిడుగు పడి గుమ్మటము విచ్చిపోయి, లోపలి గోడ మందమంతయు, కోసిన గుమ్మడికాయవలె కంటికి కనబడును. అది హుమాయూన్ షా గోరీ. ఢిల్లీ నేలిన మొగలాయి హుమాయూను వేఱు. ఇతడు బహమనీ సుల్తాను. ఇతడు 1458 మొదలు 1461 వఱకు రాజ్యము చేసెను. సంవత్సరములను గమనించితిరా? వలేకియాలో వ్లాడు కొఱతలు నాటించుచున్న యేండ్లలోనే, మనకు ముప్పది కిలోమీటర్ల దూరమున, ఇతడు రాజుగా నుండెను. ఇతనికి చరిత్రలో నిలిచిన బిరుదము 'జాలిమ్'. క్రూరుడని యర్థము.

ఇతని కథ మన తెలంగాణముతో ముడిపడియున్నది. 1459లో ఇతడు దేవరకొండ వెలమదొరలపై సైన్యమును పంపెను. వారికి కపిలేశ్వర గజపతి సేనలు తోడ్పడగా సుల్తాను సైన్యము చిత్తుగా ఓడెను. సుల్తానింకను తెలంగాణములోనే యుండగా బీదరులో తిరుగుబాటు లేచినది. చెఱలోనున్న అతని తమ్ముడు హసన్ ఖానును కొందఱు విడిపించి రాజును చేయజూచిరి. హసనుకు అంతకు మునుపే కన్నులు తీయబడియుండెను. హుమాయూను తిరిగివచ్చి పగ తీర్చుకొన్న విధమును ఫెరిస్తా యను చరిత్రకారుడు వర్ణించెను. తమ్ముని పులికి వేయించెనట. చౌకులో ఇరువైపుల కొఱతలు నాటించెనట. మదపుటేనుగులను, క్రూరమృగములను నిలిపి, కాగులలో నూనె మరిగించి, తిరుగుబాటుదారులతోపాటు వారి యింటివారిని, సేవకులను గూడ చంపించెనట. ఇతడు మరణించినపుడు ఒక కవి లోకమునకు సంతోషము కలిగెనను నర్థమిచ్చు మాటలలో ఆ సంవత్సరసంఖ్యను ఇమిడ్చి పద్యము చెప్పెనట.

ఆ పిడుగును గూర్చి అచటివారు చెప్పుమాట మీరూహింపగలరు. పాపాత్ముని గోరీని దైవమే పగులగొట్టినదని.

ఇక చరిత్రపాఠమిచట ప్రారంభమగుచున్నది. నేను ఎన్నోమారులు 'అట' అంటిని. ఎందులకనగా ఫెరిస్తా తన గ్రంథమును 17వ శతాబ్దారంభమున బిజాపురములో వ్రాసెను. హుమాయూను పోయి అప్పటికి సుమారు 150 సంవత్సరములు. బహమనీ రాజ్యమే అంతరించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆచార్యులుగానుండిన హరూన్ ఖాన్ షేర్వానీగారు ఇరువదవ శతాబ్దమున ఈ విషయమును పరిశీలించి, హుమాయూనుపై మోపిన నిందలో అతిశయోక్తి కలదని వాదించిరి. హుమాయూను కొలువున ముఖ్యపదవిలో నుండినవాడు మహమూద్ గవాను. 1472లో బీదరులో గొప్ప మదరసా కట్టించిన మహానుభావుడు. ఆయన జాబులలో తన ప్రభువును గౌరవముతోనే పేర్కొనెను. అట్టి యుత్తముడు రాక్షసుని కొలిచియుండునా యని యొక ప్రశ్న. కొలువులోనున్న మంత్రి తన రాజును జాబులలో నిందించునా యని యెదురుప్రశ్న. రెండును న్యాయమైనవే. నా మటుకు నాకు, హుమాయూను దయాళువని తోపదు. తిరుగుబాటు నణచుటలో ఘోరములు జరిగియే యుండును. కాని అతడొక్కడే రాక్షసుడు, తక్కినవారు దేవతలు అను మాటకు మాత్రము ఆ గోరీల వరుసయే అడ్డు నిలుచుచున్నది.

ఎట్లందురా? చీలిన గోరీకి కొలది దూరముననే ఇతని తాత అహమ్మదు షా సమాధి యున్నది. ఇతడు 1436లో మరణించెను. లోపల బంగారువన్నె చిత్రలేఖనమును చూడ రెండు కన్నులు చాలవు. కరవులో ఈయన ప్రార్థింపగా వాన కురిసెనని చెప్పి 'వలీ', అనగా పుణ్యపురుషుడు, అని పిలుతురు. ఏటేట జరుగు ఉరుసునకు ముసల్మానులును హిందువులును వత్తురు. లింగాయతులు అల్లమప్రభువని కొలుతురు. చూడ ముచ్చటయైన సంగతియే. అయితే అదే ఫెరిస్తా ఈ అహమ్మదు షా విజయనగరముపై చేసిన దండయాత్రను గూర్చి యేమి వ్రాసెను? చంపబడినవారి సంఖ్య ఇరువదివేలకు చేరినపుడెల్ల మూడుదినములాగి పండుగ చేసికొనెనని. ఇరువదివేలను జ్ఞాపకముంచుకొనుడంటిని గదా! గ్రీకు చరిత్రకారునికిని ఇదే సంఖ్య, ఫెరిస్తాకును ఇదే సంఖ్య. లెక్కించినవాడెవడు? భయమును కొలుచుటకు కథకులకు అనువైన కుంచము ఇరువదివేలని తోచుచున్నది. లెక్క నిజమైనను కాకున్నను, తాతకు దీపము పెట్టుచున్నాము, మనుమని గోరీకి పిడుగు కథ చెప్పుచున్నాము. ఇక హుమాయూను కొడుకు మూడవ మహమ్మదు షా 1481లో దొంగజాబు నొకదానిని నమ్మి, వృద్ధుడు, నిరపరాధియునైన ఆ మహమూద్ గవాను తల తీయించెను. అతని పేరునకు 'జాలిమ్' అని యెవరును చేర్చలేదు.

కాబట్టి చేసిన పనినిబట్టియే రాజు దయ్యమగుటలేదు. ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, వినువారికి ఏమి కావలసియుండెను అనుదానినిబట్టి యగుచున్నాడు.

వ్లాడు కథలో ఇది మఱింత స్పష్టము. అతనిని చెఱబట్టిన మఱుసటియేడు, 1463 నాటికే, అతని క్రౌర్యమును వర్ణించు వ్రాతలు జర్మను భాషలో పుట్టెను. అప్పటికి అచ్చుయంత్రము క్రొత్తగా వచ్చియుండెను. 1488 మొదలు న్యూరెంబర్గు మున్నగు పట్టణములలో అవి చిన్న పుస్తకములుగ అచ్చుపడి సంతసరకువలె అమ్ముడుపోయెను. అంత చెప్పినను, అతడు చచ్చి లేచి నెత్తురు త్రాగునని వానిలో లేదు. మఱి నెత్తురు త్రాగుట యెచ్చటినుండి వచ్చినది?

అది పల్లెలనుండి వచ్చినది. 18వ శతాబ్దమున సెర్బియాలోని పల్లెలలో అంతుపట్టని వ్యాధులతో జనులు చనిపోవుచుండగా, ముందు చనిపోయినవాడెవడో సమాధినుండి లేచి నెత్తురు పీల్చుచున్నాడని నమ్మిరి. 1732లో మెద్వెజా యను గ్రామమున, ఆస్ట్రియా సైనిక వైద్యులు చూచుచుండగనే సమాధులు త్రవ్వి, చెడని శవములకు తలలు నఱికి కాల్చివేసిరి. శవము ఉబ్బుట, నోట ఎఱ్ఱని ద్రవము కారుట నేలలోని తడిని, చలినిబట్టి జరుగు సహజమైన మార్పులే. అది తెలిసిన వైద్యుడు వాన్ స్వీటెన్ నివేదిక వ్రాయగా, 1755లో మరియా థెరీసా మహారాణి ఇట్లు శవములను త్రవ్వి దండించుటను నిషేధించెను. ఒక రాణి దయ్యమును చట్టముచేత నాపిన సందర్భమిది.

పల్లెలలో ఆగిన దయ్యము పుస్తకములలోనికి ప్రాకెను. ఐర్లండువాడగు బ్రాం స్టోకరు నెత్తురు త్రాగు జమీందారు నవల నొకటి వ్రాయదలచి, ఆ పాత్రకు మొదట వేఱొక పేరు పెట్టుకొనెను. 1890 వేసవిలో విట్బీ యను సముద్రతీరపు పట్టణమున 1820 నాటి యాత్రాగ్రంథమొకటి చదువుచుండగా అందులో 'డ్రాక్యులా' పేరు కనబడెను. అది వలేకియా భాషలో దయ్యమును తెలుపునని యందలి వివరణము. పేరు బాగున్నదని తీసికొనెను. అంతియే! 1897లో నవల అచ్చయ్యెను. 1931లో టాకీ చిత్రమయ్యెను. 1986లో ఆటయయ్యెను. రొమేనియావారు మాత్రము తమ వ్లాడును తుర్కులనెదిరించిన వీరుడుగా, దొంగలనణచిన న్యాయమూర్తిగా తలచి, 1976లో అతని ఐదువందలవ వర్ధంతిని జరిపిరి. అతడు ఒకచోట వీరుడు, వేఱొకచోట పిశాచము. కొఱతకెక్కినవారి పేరు మాత్రమెచ్చటను లేదు.

సోదరులారా, దయ్యమును చేయుట రాజులకు మాత్రమే జరుగునని తలపకుడు. ఇది చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది కాని చెప్పక తప్పదు. 1980 దశాబ్దపు తొలిదినములలో మన మెదకు సీమయందు బాణామతి భయము ప్రబలియుండెను. నేనపుడు క్రొత్తగా ఉద్యోగములో చేరి యొక పల్లెలో నుంటిని. నా తరగతిలోని బాలికకు మూర్ఛలు వచ్చెను. పిమ్మట మఱియిద్దఱికి వచ్చెను. ఒంటరిగా నుండు ఒక వృద్ధురాలి మీద ఊరి చూపు పడెను. ఆమె చేసిన తప్పెల్ల, దారిన పోవు పిల్లలను నిలిపి ముచ్చటించుట. చావడిలో పెద్దలు కూడిరి. మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టవలెనని యొకడనెను. "పంతులు చదువుకున్నోడు, నువ్వు చెప్పు" అని నన్నడిగిరి. మూర్ఛ వ్యాధియని, ఆస్పత్రికి తీసికొనిపోవలెనని నేనెఱుగుదును. పరాయి యూరివాడను, ఉద్యోగము క్రొత్తది. "పెద్దలు మీరున్నరు గద" యని తప్పించుకొంటిని. ఆ రాత్రియే ఆమె మూటగట్టుకొని ఊరు విడిచిపోయెను. ఏమైనదో తెలియదు. బాలికకు తరువాత మందులతో నయమయ్యెను. ఊరివారు మాత్రము, ముసలిది పోయెను గనుక పీడ పోయెననిరి. ఆ సెర్బియా పల్లెవారికిని మాకును భేదమేమి? వారు చచ్చినవారిని త్రవ్విరి, మేము బ్రతికియున్నదానిని తఱిమితిమి.

ఆ యాటలో నొక విశేషము గలదు. డ్రాక్యులాను చంపిన వీరుడు 1987లో వచ్చిన రెండవ భాగమున శాపగ్రస్తుడై, ఆ డ్రాక్యులా శరీరఖండములనే వెదకి కూర్చి, మరల లేపి చంపవలసివచ్చును. అటుపిమ్మటను ఆటలు వచ్చుచునే యున్నవి, వాడు లేచుచునే యున్నాడు. కొట్టినంతమాత్రమున వాడు పోడు. మన రామాయణమున అట్లు కాదు. రావణుడు పడినపిమ్మట విభీషణుడు సంస్కారము చేయ సందేహింపగా, మరణముతో వైరము తీరినది, వీడు నీకెట్లో నాకునట్లే, సంస్కారము చేయుమని శ్రీరాముడాజ్ఞాపించెను. అందుచేతనే రావణుడు దయ్యమై తిరుగలేదు. అతని తప్పును మఱువలేదు, పాండిత్యమును దాచలేదు. ఉన్నదున్నట్లు చెప్పి దహించితిమి.

చరిత్ర వ్రాయుటయు అట్టి సంస్కారమే. చేసినవాని క్రౌర్యము చేసినంత చెప్పవలెను, చేయనిది చేర్చరాదు, చేతులు కలిపినవారి పేరును దాచరాదు. కొఱతలు రాజు తన చేతితో నాటలేదు. నఱికి చెక్కినవారు, మోసినవారు, చూచి యూరకున్నవారు వేలకొలది. రాజును దయ్యము చేసినచో వీరందఱు మనుష్యులుగా తప్పించుకొందురు. ఆ చావడిలో నేను తప్పించుకొన్నట్లు.

బీదరునుండి తిరిగి వచ్చుచు బస్సులో మా మనుమడు మరల అడిగెను: "అయితే తాతా, ఆయన దయ్యమా, మనిషా?" మనిషియేయంటిని. కొంతసేపాలోచించి, "దయ్యమైతేనే మంచిగుండె తాతా" అనెను. వాని కంఠమున భయము నేను పోల్చుకొంటిని. దయ్యమును కొరడాతో గెలువవచ్చును. మనిషియని తెలిసినప్పుడు కదా మనవైపు మనము చూచుకొనవలసి వచ్చును.

మీ గ్రామములలో రేపెవరికైన మూర్ఛ వచ్చినపుడు, చావడిలో వేలు ఒకరివైపు తిరిగినపుడు, అచట కూర్చుండువారు మీరే. చదివినవాడని ఎవనినైన అడిగి, వాడు నావలె నీళ్లు నమలినచో, మీరైన నోరు విప్పుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.